నల్గొండలో ఫ్రీలాన్స్ ఫొటోగ్రఫీతో బతకొచ్చా? ముహూర్తాలు లేని నెలల్లో ఏం చేస్తున్నారు?

దేవరకొండ_కుర్రాడు

అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో ఒక వెడ్డింగ్ టీమ్‌లో చేరాను. మొదట లైట్ పట్టుకున్నా, తర్వాత ఎడిటింగ్‌లో కూర్చోబెట్టారు, ఇప్పుడు రెండో కెమెరా. జీతం టైముకే వస్తుంది కానీ కిరాయి, తిండి పోతే చేతిలో ఏమీ మిగలదు. నాయనకు ఒంట్లో బాగుండటం లేదు, ఇంటికి దగ్గర్లో ఉండాలి. నల్గొండలో చిన్న రూమ్ తీసుకొని సొంతంగా చేసుకుందామని ఉంది. దుకాణం తెరిచే స్థోమత లేదు. ఫుల్ ఫ్రేమ్ బాడీ ఒకటి, 50 ఎంఎం, 85 ఎంఎం లెన్సులు, ఫ్లాష్‌లు రెండు ఉన్నాయి.

పెళ్ళి పని వచ్చు, దాని గురించి భయం లేదు. టెన్షన్ అంతా ఆషాఢం గురించి, మూఢం గురించి. అప్పుడు మీరంతా ఏం చేస్తున్నారు? దాచుకోకుండా చెప్పండి అన్నలూ, అక్కలూ.

గడియారం_స్టూడియో, నల్గొండ

తమ్మీ, క్లాక్ టవర్ దగ్గర రీలు కెమెరాల కాలం నుంచి ఉన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా. బోర్డు మీద అందరం పెళ్ళి ఫొటోలే వేసుకుంటాం. ఏడాది పొడవునా పొయ్యి వెలిగేది మాత్రం కాయితం పనితో. కాయితం పని అంటే ఆల్బంలోకి కాకుండా ఏదో ఒక ఆఫీసు ఫైల్లోకి పోయే ఫొటో.

బర్రెల లోన్ తీసుకున్న రైతు సంగతే చూడు. బీమాకు ఫొటో కావాలి. బర్రె మొత్తం కనపడాలి, పక్కన రైతు నిలబడాలి, చెవికి వేసిన ట్యాగ్ మీద నంబరు చదవడానికి రావాలి. వినడానికి ఇంతే. చెవి ఒక్క క్షణం ఆగదు, ఈగలను తోలుకుంటూనే ఉంటుంది. ట్యాగ్ మీద పేడ అంటి ఉంటుంది. ముందు తడిగుడ్డతో తుడిపించాలి, తర్వాత ముందర చొప్ప వేయించాలి, అది మూతి దించినప్పుడు పక్క నుంచి కొట్టాలి. ఫ్లాష్ వేశావా, ప్లాస్టిక్ మెరిసి అంకెలు మాయం. నీడపట్టున నిలబెట్టి, షట్టర్ 500 పైన పెట్టి నాలుగైదు తీసుకో. ఇందులో కళ ఏముంది అంటే ఏమీ లేదు. కానీ ఒక్కో ఊళ్ళో అలాంటి ఇళ్ళు పది ఉంటాయి, ఆ పది ఇళ్ళల్లో రేపు పెళ్ళి కూడా ఉంటుంది.

ఇంకా హైవే మీద గుద్దుకున్న బండ్ల బీమా ఫొటోలు, బ్యాంకు వాళ్ళకు ఇల్లు, పొలం ఫొటోలు, బడుల్లో గ్రూప్ ఫొటోలు, రిటైర్మెంట్ సన్మానాలు. పోలీసు పని ఒకప్పుడు బాగా ఉండేది. బావిలో శవం తేలినా, ఇంట్లో దొంగలు పడ్డా మనల్నే పిలిచేవాళ్ళు. ప్రింట్లతో పాటు నెగెటివ్ ఇవ్వాలి. కొన్నేళ్ళకు ఎప్పుడో సమన్లు వస్తాయి, బోనులో నిలబెట్టి ‘ఈ ఫొటోలు తీసింది నువ్వేనా’ అని అడుగుతారు. మనం చూసిన రోజు, టైము, ఎవరు పిలిచారు అన్నవి డైరీలో రాసుకున్నవాడే అక్కడ తడబడకుండా నిలబడతాడు. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాక సోదాలు, స్వాధీనాలు వీడియో తీయడం తప్పనిసరి అయింది, దాన్ని పోలీసులే ఫోన్లో తీసుకుంటున్నారు. ఆ పని తగ్గింది.

భూమి తగాదాలు, గోడ తగాదాలు మాత్రం తగ్గలేదు. వకీళ్ళు పంపిస్తారు. అక్కడ ఒకటి గుర్తుపెట్టుకో. కోర్టుకు పోయే ఫైల్‌ను ఎడిట్ చేయకు, క్రాప్ కూడా చేయకు. ఇప్పుడు సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ పెట్టాలి, అందులో ఫైల్ హ్యాష్ విలువ, అంటే ఫైల్ లోంచి కంప్యూటర్ లెక్కగట్టి ఇచ్చే వేలిముద్ర లాంటి నంబరు, రాయాలి. ఒక్క పిక్సెల్ మారినా ఆ విలువ మారిపోతుంది. కార్డు లోంచి తీసిన ఫైల్‌ను తీసినట్టే రెండు చోట్ల దాచు.

పాలమూరు_ఫ్రేమ్స్, మహబూబ్‌నగర్

పెద్దాయన మీద గౌరవంతోనే వేరే మాట చెబుతా. ఈ కాలంలో అన్ని పనులూ చేసేవాడికి దేనికీ పేరు రాదు. నా పేజీ చూసి హైదరాబాద్ వాళ్ళు, బెంగళూరులో ఉద్యోగాలు చేసే మనోళ్ళు ఫోన్ చేస్తారు. వాళ్ళకు ఒకటే స్టైల్ కనపడాలి. పెళ్ళి, ప్రీ వెడ్డింగ్, అంతే. పాస్‌పోర్ట్ సైజు అడిగితే పక్క స్టూడియో చూపిస్తా.

మూఢంలో ఖాళీగా ఉంటామనుకోవద్దు. సీజన్‌లో తీసినవన్నీ ఎడిటింగ్‌కు కూర్చునేది అప్పుడే. ప్రీ వెడ్డింగ్‌కు ముహూర్తంతో పనిలేదు. సోమశిలలో కృష్ణ ఒడ్డు, కోయిల్‌సాగర్, వానలు పడ్డాక మన్యంకొండ గుట్టలు. ఒక్క ఊరికి ఒక్క జంటతో పోతే రోజంతా చేతిలో ఉంటుంది. పెళ్ళి సంఖ్య తగ్గించి రేటు పెంచాను, ఇప్పుడే బాగుంది.

తమ్ముడికి ఒక టెక్నికల్ మాట. మన ఫంక్షన్ హాళ్ళలో చవక ఎల్ఈడీలు ఎక్కువ. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకు వంద సార్లు మినుకుతుంది. మిర్రర్‌లెస్ కెమెరాలో సైలెంట్ (ఎలక్ట్రానిక్) షట్టర్ పెట్టి తీస్తే ఫొటో అంతా నల్ల చారలు. మెకానికల్ షట్టర్‌కు మార్చు, స్టేజి మీద 1/100కు తగ్గించు. తలంబ్రాలకు మాత్రం 1/250 అన్నా కావాలి కాబట్టి అక్కడ నీ ఫ్లాష్ మీదే ఆధారపడు.

గడియారం_స్టూడియో, నల్గొండ

బర్రె ఫొటో పేజీలో పెట్టమని నేనన్లేదు తమ్మీ.

పిల్లలమర్రి_అక్క, మహబూబ్‌నగర్

నవ్వు ఆగలేదు పెద్దన్నా.

ఇద్దరూ మగవాళ్ళ వైపు నుంచి మాట్లాడుతున్నారు. ఆడవాళ్ళు కెమెరా పట్టుకుంటే వచ్చే పనులు వేరు. మా దగ్గర ముస్లిం పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ హాలు వేరే ఉంటుంది. అక్కడ మగ కెమెరామన్‌ను రానీయరు, కొన్ని ఇళ్ళల్లో గేటు దగ్గరే ఫోన్లు తీసుకుంటారు. నేను పోతే తలుపు దగ్గరకేసి, ముసుగులు తీసి హాయిగా నవ్వుతారు. ఆ ఫొటోలు బయట ఎక్కడా కనపడకూడదు, నా పేజీలో అసలే పెట్టను. ప్రింట్లు కూడా బయటి ల్యాబ్‌కు పంపకుండా ఇంట్లోనే వేసిస్తాను. అందుకే ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పేరు పాకింది, ప్రకటన లేకుండా.

ఇదేదో కొత్త ఆలోచన కాదు. నిజాం దర్బారు ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాద్‌లో పరదా ఆడవాళ్ళ కోసం జనానా స్టూడియో పెట్టాడు, లోపల ఫొటోలు తీసింది ఒక ఇంగ్లీషు ఆవిడ. ఇన్నేళ్ళయినా జిల్లాల్లో ఆ ఖాళీ అట్లాగే ఉంది. మీ చెల్లెళ్ళకు ఆసక్తి ఉంటే నేర్పించండి.

శారీ ఫంక్షన్లు, సీమంతాలు, పసిపిల్లల ఫొటోలు కూడా నాకే వస్తాయి. పసిపిల్లల పనిలో తీసేది తక్కువ, ఆగేది ఎక్కువ. గది వెచ్చగా ఉండాలి, ఏసీ, ఫ్యాన్ ఆపాలి, మనకు చెమటలు కారాలి. పాలు తాగి పడుకున్నాక ఒక అరగంట దొరుకుతుంది, మళ్ళీ లేస్తే ఆ రోజు అయిపోయినట్టే. నెట్‌లో చూసి బుట్టలో, గుడ్డ ఊయలలో వేలాడదీయమని తల్లులు అడుగుతారు. నేను చేయను. అవి చాలావరకు రెండు ఫొటోలు అతికించి చేసినవి, మధ్యలో పట్టుకున్న చెయ్యిని చెరిపేస్తారు.

కష్టం రాత్రి తిరిగి రావడం. అర్ధరాత్రి బరాత్ అయ్యేదాకా ఉండమంటే కారు వాళ్ళే పెట్టాలని ముందే చెబుతా. ఒప్పుకోకపోతే పని వదిలేస్తా.

పుట్టపాక_పోగులు, యాదాద్రి భువనగిరి

ఇక్కడ మగ్గాల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తున్నా. మా ఇంట్లో ఇక్కత్ నేస్తారు, నేను నేయను, తీస్తాను. చీరలు ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలయ్యాక పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం చుట్టూ ఫొటోల పని ఏడాదంతా ఉంది. ముహూర్తంతో సంబంధమే లేదు, ఇంకా పండగల ముందు నెలల్లో, అంటే మీరు ఆషాఢం అని భయపడే టైములోనే ఎక్కువ.

ఇందులో తలనొప్పి రంగు. ఫొటోలో ఒక రంగు, డబ్బా తెరిస్తే ఇంకో రంగు ఉంటే చీర తిరిగి వస్తుంది, నష్టం నేతగాడిది. బూడిదరంగు కార్డు పెట్టి వైట్ బ్యాలెన్స్ తీసుకోకుండా ఒక్క చీర కూడా మొదలుపెట్టను. ట్యూబ్‌లైటు, కిటికీ వెలుగు కలిపి అసలు వాడను. మా పుట్టపాక తేలియా రుమాల్‌కు 2020లో జీఐ (ఫలానా ఊరి సరుకు అనే) గుర్తింపు వచ్చాక దానికి అడిగేవాళ్ళు పెరిగారు. ఎరుపు, నలుపు, తెలుపు. ఆ ఎరుపు కెమెరాకు ఒక పట్టాన లొంగదు. కెమెరాలో వెలుగు ఎంత పడిందో చూపే మామూలు హిస్టోగ్రామ్ గ్రాఫు చూస్తే ఎక్స్‌పోజర్ సరిగ్గానే ఉన్నట్టుంటుంది, రంగుల హిస్టోగ్రామ్ తెరిస్తే రెడ్ ఛానల్ కుడి గోడకు కొట్టుకొని ఉంటుంది. ఎరుపులో ఉన్న డిజైన్ అంతా ఒకటే ముద్ద. కొంచెం అండర్‌లో, అంటే తక్కువ వెలుగుతో, తీసి తర్వాత ఎడిటింగ్‌లో లేపాలి.

ఇంకో తమాషా. ఇక్కత్‌లో నూలుకు ముందే ముడులు కట్టి రంగు అద్దుతారు, తర్వాత నేస్తారు. అందుకని డిజైన్ అంచులు కాస్త ఈకల్లా చెదిరి ఉంటాయి. అది దాని గుణం. బయటి ఊరి కంపెనీ ఒకటి నేను పంపిన ఫొటోలన్నీ ‘షేక్ అయ్యాయి’ అని తిప్పి కొట్టింది. అప్పటి నుంచి ప్రతి చీరకూ ఒక క్లోజప్ పంపిస్తాను, పక్కన రూపాయి బిళ్ళ పెట్టి. బిళ్ళ మీద అక్షరాలు చురుగ్గా కనపడితే ఎవరూ మాట్లాడరు.

పాలమూరు_ఫ్రేమ్స్, మహబూబ్‌నగర్

రూపాయి బిళ్ళ ఐడియా బాగుంది బ్రదర్. గద్వాల చీరలు తీసేవాళ్ళు కూడా ఇట్లాంటి బాధే చెబుతారు. ఒళ్ళంతా నూలు, అంచు పట్టు. అంచుకు లైటు పెడితే ఒళ్ళు చచ్చిపోతుంది, ఒంటికి పెడితే అంచు తెల్లగా కొట్టుకుపోతుంది.

పుట్టపాక_పోగులు, యాదాద్రి భువనగిరి

పక్క నుంచి ఒకే మెత్తటి లైటు, ఎదురుగా తెల్ల థర్మాకోల్ షీటు. పైనుంచి లైటు అసలు వద్దు.

పేట_స్ట్రింగర్, సూర్యాపేట

నేను పేపర్లకు తీస్తాను, అంటే పేపర్లతో బతుకుతాను అని కాదు. మండల స్థాయిలో వచ్చేది పెట్రోలుకు సరిపోతే సంతోషం. పేపర్ ఐడీ కార్డు వల్ల పరిచయాలు వస్తాయి, ఆ పరిచయాల వల్ల వేరే పని వస్తుంది. వరదలప్పుడు పాలేరు వాగు దగ్గర నడుము లోతు నీళ్ళలో నిలబడి తీసిన ఫొటో లోపలి పేజీలో తపాలా బిళ్ళంత వేస్తారు, మంత్రిగారు కొబ్బరికాయ కొట్టింది మొదటి పేజీలో.

తమ్ముడికి ఎవరూ చెప్పనిది ఒకటి చెబుతా. ఎన్నికలు. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలప్పుడు ఖర్చు లెక్క కోసం ఎన్నికల సంఘం వీడియో టీములు పెడుతుంది. కెమెరాలు మన లాంటివాళ్ళవే. సభ మొదలు కాగానే ఏ పార్టీ, ఏ అభ్యర్థి, ఏ ఊరు, తేదీ అన్నది కెమెరా ముందు గొంతుతో చెప్పి రికార్డు చేయాలి. తర్వాత తీయాల్సింది నాయకుణ్ణి కాదు. కుర్చీలు, టెంటు, స్టేజి కొలత, మైకులు, ఫ్లెక్సీలు, వచ్చిన బండ్ల నంబరు ప్లేట్లు. ఆ వీడియో చూసి వేరే టీము కుర్చీలు లెక్కపెట్టి అభ్యర్థి ఖాతాలో ఖర్చు వేస్తుంది. పెళ్ళిళ్ళు తీసి అలవాటైన పిల్లలు పోయి స్లో మోషన్‌లో దండలు, పూలవాన తీసుకొచ్చారు. అధికారి మొహం చూడాలి.

పని గ్యారంటీ, డబ్బులు ఆలస్యం. ఆ బిల్లు మీద ఆశపెట్టుకొని ఈఎంఐ కట్టుకోవద్దు.

లెక్కల_సారు, మిర్యాలగూడ

నేను ఫొటోగ్రాఫర్‌ను కాదు, కొందరు ఫొటోగ్రాఫర్ల లెక్కలు చూస్తాను. స్ట్రింగర్ గారు చెప్పిన ఆలస్యానికి తోడు, కాంట్రాక్టు పనికి ఆఫీసులు, కంపెనీలు వ్యక్తులకు ఇచ్చే చెల్లింపులో 1 శాతం టీడీఎస్ (ముందే కోసుకునే ఆదాయపు పన్ను) పట్టుకుంటాయి. ఒకే బిల్లు 30 వేలు దాటితే పట్టుకుంటారు. చాలామంది దాన్ని పోయిన డబ్బు అనుకొని వదిలేస్తారు. పన్ను కట్టాల్సినంత రాబడి లేకపోతే రిటర్న్ వేస్తే తిరిగి వస్తుంది, పైగా ఆ రిటర్నే రేపు కెమెరా లోన్‌కు ఆధారం. జీఎస్టీ గురించి భయపడేవాళ్ళకు: సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటనంతవరకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

ఇక కెమెరా ఖర్చు. 2 లక్షల బాడీ కొన్నవాడు దాన్ని పెట్టుబడి అంటాడు కానీ లెక్కలో వేసుకోడు. నాలుగేళ్ళు నడుస్తుందనుకుంటే ఏడాదికి 50 వేలు. ఏడాదికి 25 పనులు చేస్తే పనికి 2 వేలు కెమెరాకే పోయినట్టు. లెన్సు, హార్డ్ డిస్కు, బండి, తోడు వచ్చిన లైట్‌బాయ్ కూలీ వేరు. ఇవేమీ వేయకుండా పక్కవాడి కంటే వెయ్యి తగ్గించి ఒప్పుకుంటున్నారు.

దేవరకొండ_కుర్రాడు

చాలా థాంక్స్ అందరికీ. ఇంత వస్తుందనుకోలేదు. రెండు డౌట్లు. ఒకటి, పెళ్ళి డబ్బులు ఆల్బం దగ్గర ఆగిపోతాయని మా టీమ్‌లో ఎప్పుడూ గొడవ. మీరెట్లా వసూలు చేస్తున్నారు? రెండు, ఇప్పటిదాకా నేను రెండో కెమెరాగా తీసినవి నా పేజీలో పెట్టుకోవచ్చా?

పాలమూరు_ఫ్రేమ్స్, మహబూబ్‌నగర్

ఆల్బం గొడవ అందరికీ ఉన్నదే. రెండు వేల ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి నూట యాభై ఏరుకోమంటాం. పెళ్ళికూతురు అత్తగారింట్లో, పెన్‌డ్రైవ్ తల్లిగారింట్లో. అమ్మాయి పండక్కి వచ్చినప్పుడు చూద్దాం అంటారు. వచ్చినప్పుడు అల్లుడికి సెలవు ఉండదు. తర్వాత నేరుగా తొట్టెల ఫంక్షన్‌కు పిలుస్తారు, అక్కడ నలుగురిలో ‘అన్నా, పెళ్ళి ఆల్బం ఏమైంది’ అని అడుగుతారు.

నా పద్ధతి: మాట్లాడుకున్న రోజే అడ్వాన్స్. పెళ్ళి రోజు రిసెప్షన్ ముగిసేలోపు ఎక్కువ భాగం. సాఫ్ట్ కాపీ ఇచ్చేముందు పూర్తిగా. ఆల్బం షీట్ల డబ్బు విడిగా, అది ఏరిన తర్వాత. రెండు నెలల్లో ఏరకపోతే నేనే ఏరి డిజైన్ చేస్తానని కాయితం మీద రాస్తా. ఆ ఒక్క లైన్ చూసి చాలామంది నెలలోపే ఏరి పంపిస్తున్నారు.

పేజీలో పెట్టడమా? మనం తీసిన ఫొటో మనదే కదా, పెట్టుకో.

లెక్కల_సారు, మిర్యాలగూడ

అది సరికాదు. కాపీరైట్ చట్టం 1957, 17వ సెక్షన్ చదవండి. డబ్బు ఇచ్చి ఎవరైనా తీయించుకున్న ఫొటోకు, వీడియోకు, వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. పెళ్ళి ఫొటో పెళ్ళివాళ్ళది. ఉద్యోగంలో ఉండి తీసింది మీది అసలే కాదు. పేజీలో పెట్టుకోవాలంటే కొటేషన్‌లోనే ఆ అనుమతి ఒక లైనుగా రాయించుకోండి.

పాలమూరు_ఫ్రేమ్స్, మహబూబ్‌నగర్

ఇది నాకు నిజంగా తెలియదు సార్. కొటేషన్ మారుస్తా.

పిల్లలమర్రి_అక్క, మహబూబ్‌నగర్

చట్టం సంగతి అటుంచి, అమ్మాయిని అడగాలి. డబ్బులిచ్చింది తండ్రి, ఫొటోలో ఉన్నది అమ్మాయి. తండ్రి సరే అన్నా నేను అమ్మాయిని విడిగా అడుగుతాను.

గట్టు_ప్రింట్, సూర్యాపేట

పని దొరకదు అనేవాళ్ళు జాతరలకు రండి. దురాజ్‌పల్లి పెద్దగట్టు రెండేళ్ళకోసారి, లింగమంతుల స్వామికి గంపలెత్తుకొని జనం వస్తుంటే నిలబడటానికి జాగా ఉండదు. కురుమూర్తికి ఉద్దాల ఉత్సవం రోజు, చెర్వుగట్టుకు, ఇంకా సలేశ్వరం పోయేవాళ్ళకు మన్ననూరు దగ్గర. పాత రోజుల్లో డేరా వేసి, వెనక తాజ్‌మహల్ పరదా కట్టి, అట్ట మోటారు సైకిల్ మీద కూర్చోబెట్టి తీసేవాళ్ళు. ఇప్పుడు నేను చిన్న డైసబ్ ప్రింటర్ (వేడితో రిబ్బన్ రంగును కాయితం మీదకు దింపేది), ఇన్వర్టర్ బ్యాటరీ పెట్టుకొని అక్కడికక్కడే 4×6 ఇస్తున్నా. అందరి దగ్గరా ఫోన్లున్నాయి, ఎవరు కొంటారు అనుకోవద్దు. ఫోన్లో ఇంట్లో అందరూ ఉన్న ఫొటో ఉండదు, తీసేవాడు తప్పిపోతాడు. ముసలివాళ్ళు చేతిలో పట్టుకొనే ఫొటో అడుగుతారు.

దుమ్ముతోనే చావు. ఆ ప్రింటర్‌లో కాయితం పసుపు, మెజెంటా, సయాన్, చివర పై పూత అని నాలుగు సార్లు లోపలికీ బయటికీ తిరుగుతుంది. తిరిగే కాయితం మీద ఒక్క దుమ్ము రవ్వ పడ్డా ఫొటోలో తెల్ల చుక్క, అదీ సరిగ్గా మొహం మీదే పడుతుంది. తడి చీర పరదా లాగా కట్టి దాని వెనక ప్రింటర్ పెడతా. రిబ్బన్ వెనక్కి తిప్పలేం, చెడిపోయిన ప్రింటు ఖర్చు మనదే.

మిర్యాలగూడ_డ్రోన్

డ్రోన్ గురించి కూడా వేయనా? తమ్ముడు ముందు కొనేది అదే అయ్యుంటుంది.

2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాములు దాటిన దానితో డబ్బు తీసుకొని ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. డిజిటల్ స్కై (ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైటు) మ్యాప్‌లో గ్రీన్ జోన్ అయితే 400 అడుగుల దాకా. 2022 ఫిబ్రవరిలో విదేశీ డ్రోన్ల దిగుమతి ఆపేశారు, బజార్లో ‘బయటి నుంచి తెప్పించాం’ అనేవాటికి బిల్లు ఉండదు. సాగర్ డ్యామ్ దగ్గర లేపుదామని కస్టమర్ ఎంత బతిమాలినా ఒప్పుకోకు, భద్రత గట్టిగా ఉంటుంది, కెమెరాతో పాటు నువ్వూ స్టేషన్‌లో కూర్చోవాలి. అమ్రాబాద్ అడవిలో కూడా అంతే.

నల్లమల_నడక, అచ్చంపేట

అడవి గురించి ఒక్క మాట. అమ్రాబాద్ టైగర్ రిజర్వు 2,600 చదరపు కిలోమీటర్లకు పైనే, దేశంలో పెద్ద రిజర్వుల్లో ఒకటి. పులి ఫొటోతో బతుకుదామని వస్తే ఆకలితో పోతారు. నాకు డబ్బులు వచ్చేవి బడులు, హోటళ్ళు, క్యాలెండర్ల వాళ్ళ నుంచి. అలంపురం నవబ్రహ్మ ఆలయాలు, పానగల్లు ఛాయా సోమేశ్వరం, ముడుమాల్ నిలువురాళ్ళు. ముడుమాల్ 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాక ఆ రాళ్ళ ఫొటోలు అడిగేవాళ్ళు పెరిగారు. అక్కడ మధ్యాహ్నం పోతే పొలంలో పాతిన రాళ్ళలాగే వస్తాయి. పొద్దు వాలే గంటలో పోతే నీడలు రాయి కంటే పొడుగ్గా సాగుతాయి, వరసలు అర్థమవుతాయి.

పానగల్లులో గర్భగుడి గోడ మీద పడే నీడ తీయాలంటే ట్రైపాడ్ తప్పదు, లోపల అంత చీకటి. పూజారిగారితో ముందు మాట్లాడుకోండి, దర్శనం లైను ఆపి తీయకండి.

గడియారం_స్టూడియో, నల్గొండ

ఇన్ని చెప్పారు, చావు ఫొటో ఎవరూ చెప్పలేదు. ఏ నెలలోనూ ఆగనిది అదే.

పెద్దాయన పోతాడు. పదకొండో రోజుకు పెద్ద ఫొటో కావాలి, దండ వేయాలి. ఇంట్లో వెతికితే ఆధార్ కార్డు మీద గోరంత బొమ్మ, లేకపోతే ఎవరి పెళ్ళిలోనో మూడో వరసలో నిలబడ్డది. ఒకప్పుడు దాన్ని కాపీ తీసి, బ్రష్షుతో టచింగ్ చేసేవాళ్ళం. ఇప్పుడు పిల్లలు ఏఐలో వేసి క్షణంలో పెద్దది చేస్తున్నారు. చర్మం మెరుస్తుంది, కళ్ళు తేటగా వస్తాయి, పళ్ళు వరసగా వస్తాయి. పోయిన నెల ఒకామె అట్లా చేయించిన ఫ్రేము పట్టుకొని నా దగ్గరికి వచ్చింది. ‘ఈయన ఎవరో మంచిగున్నడు గానీ మా ఆయన కాదు’ అంది. ఆయనకు కింది పెదవి మీద చిన్న కోత ఉండేదట, సున్నం గచ్చులో పని చేసేటప్పుడు తగిలింది. యంత్రం దాన్ని మచ్చ అనుకొని చెరిపేసింది. వాళ్ళ పెళ్ళి మా స్టూడియోనే తీసింది. పాత నెగెటివ్ కవర్లు వెతికి, స్కాన్ చేసి, గింజ గింజ కనపడ్డా సరే అని అట్లాగే పెద్దది చేసి ఇచ్చాను.

ఏఐ వద్దనను, నేనూ వాడతా, బట్టలకు, వెనక గోడకు. మొహం మీద మాత్రం ఇంటివాళ్ళను పక్కన కూర్చోబెట్టుకొని చేయి. రేటు విషయంలో ఆ ఇంట బేరం చేయకు.

పేట_స్ట్రింగర్, సూర్యాపేట

పెద్దన్న నెగెటివ్ కవర్లు ఇంకా పెట్టాడంటే ఆశ్చర్యం. మేము హార్డ్ డిస్కులు మూడేళ్ళు దాచలేకపోతున్నాం.

తమ్మీ, రెండు కార్డులు పట్టే బాడీ అయితేనే పెళ్ళికి పో. రెండింటిలోనూ ఒకేసారి రాసేట్టు పెట్టు. రెండో కార్డు ఇంటికొచ్చేటప్పుడు కెమెరా సంచిలో కాదు, నీ జేబులో ఉండాలి. బస్సులో సంచి పోయిన కేసు మా ఊళ్ళోనే ఉంది.

దేవరకొండ_కుర్రాడు

రెండు స్లాట్లు ఉన్నాయన్నా.

నాకు ఇప్పుడు కొంచెం ధైర్యం వచ్చింది. పాలమూరు అన్న చెప్పినట్టు పేజీ పెళ్ళిళ్ళకే పెట్టుకుంటా. పేజీలో కనపడని పనులు పెద్దన్న చెప్పినట్టు అన్నీ పడతా. దసరా తర్వాత ఇక్కడ మానేసి వస్తాను. కొత్తవాడికి ఎవరైనా పని ఇస్తారా అన్నదే ఇప్పుడు.

పాలమూరు_ఫ్రేమ్స్, మహబూబ్‌నగర్

ఇస్తారు. ఒక్కటి చెప్పి ఆపుతా. మన దగ్గర అమ్మాయివాళ్ళ కెమెరా వేరు, అబ్బాయివాళ్ళ కెమెరా వేరు. జీలకర్ర బెల్లం, పుస్తె కట్టే టైములో ఇద్దరూ ఒకే జాగా కోసం తోసుకుంటే ఫొటో ఇద్దరికీ పోతుంది. హాల్లోకి పోగానే అవతలి వాళ్ళతో చాయ్ తాగి, ఎవరు ఎటు నిలబడాలో తేల్చుకో. వాళ్ళే రేపు నీకు రెండో కెమెరా పని ఇచ్చేవాళ్ళు. భోజనం చివరి బంతిలోనే దొరుకుతుంది, ఏదైనా తిని పో.

పిల్లలమర్రి_అక్క, మహబూబ్‌నగర్

తమ్ముడూ, కార్తీకంలో జడ్చర్లలో ఒక నిఖా ఒప్పుకున్నా. ఆడవాళ్ళ వైపు నేను, మగవాళ్ళ వైపు ఒకరు కావాలి. వస్తావా? స్టేజికి దూరంగా నిలబడి తీయాల్సి ఉంటుంది, నీ 85 చాలదు. 70-200 ఎంఎం జూమ్ లెన్సు ఉండాలి.

దేవరకొండ_కుర్రాడు

తప్పకుండా వస్తా అక్కా. 70-200 నల్గొండలో కిరాయికి దొరుకుతుందా ఎవరికైనా తెలుసా?

గడియారం_స్టూడియో, నల్గొండ

దొరుకుతుంది, కానీ ఒరిజినల్ ఆధార్, పూర్తి ధరకు చెక్కు పెట్టమంటారు. నాది తీసుకపో. జూమ్ రింగు కొంచెం బిగుతుగా ఉంటుంది, ముందు రోజు వచ్చి చెయ్యి అలవాటు చేసుకో. మంగళవారం లోపు తిరిగి కావాలి, నాకు బడి గ్రూప్ ఫొటోలు ఉన్నాయి.